బస్సులో బ్యాగ్ దొంగతనం: "మా పరిధి కాదు" అంటే ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విజయవాడకు రాత్రి బస్సులో వస్తుంటే మా అమ్మ బ్యాగ్ ఎవరో కొట్టేశారు. రెండు బంగారు గాజులు, కొంత నగదు, ఆధార్ కార్డు అందులోనే ఉన్నాయి. దిగాక స్టేషన్‌కి వెళ్తే, "సూర్యాపేట దగ్గర బస్సు ఆగినప్పుడు జరిగుంటుంది, అక్కడికే వెళ్లండి, లేకపోతే పోగొట్టుకున్నామని రాసివ్వండి" అన్నారు. అమ్మకి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: పోగొట్టుకున్నామని మాత్రం రాయకండి అన్నా. అలా రాస్తే నేరమే జరగనట్టు అవుతుంది, గాజుల కోసం ఎవరూ వెతకరు. "దొంగిలించారు" అనే రాయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. వాళ్లు జీరో ఎఫ్ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసే ఎఫ్ఐఆర్) కట్టి, సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపాలి. మీరు సూర్యాపేట దాకా తిరగాల్సిన పని లేదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది గానీ మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

టికెట్, గాజుల బిల్లు జత చేయండి. బస్సులో, ఆగిన హోటల్ దగ్గర సీసీ కెమెరాలు ఉంటే ఆ ఫుటేజీ తీయించమని ఫిర్యాదులోనే రాయండి. ఆలస్యమైతే అది చెరిగిపోతుంది, అందుకే ఈ రోజే వెళ్లమంటున్నాను.

ప్రశ్న: మళ్లీ వెళ్లాను. 14 రోజులు ప్రాథమిక విచారణ చేశాకే ఎఫ్ఐఆర్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ వెసులుబాటు గరిష్ఠ శిక్ష మూడేళ్లు లేదా అంతకు మించి, కానీ ఏడేళ్ల కన్నా తక్కువ ఉన్న నేరాలకే. అదీ డీఎస్పీ అనుమతితోనే. ప్రయాణికుల వాహనంలో దొంగతనం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 305వ సెక్షన్ కిందకి వస్తుంది, దానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడేళ్లు, అంతకన్నా తక్కువ కాదు. కాబట్టి మీ కేసుకి ఆ 14 రోజులు వర్తించవు. ఈ సెక్షన్ నంబరు మర్యాదగానే చెప్పి చూడండి.

అయినా వినకపోతే అదే ఫిర్యాదును పోలీస్ కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో అఫిడవిట్‌తో పిటిషన్ వేయచ్చు. ఆ రసీదు అక్కడ తప్పకుండా అవసరం పడుతుంది. కేసు కట్టాక 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో వాళ్లే మీకు తెలియజేయాలి, ఫోన్ మెసేజ్ ద్వారా అయినా సరే. అందుకే ఫిర్యాదులో అమ్మగారి నంబరుతో పాటు మీదీ రాయండి.