స్వల్పమైన తేడా: వ్యాపార నాయకుడికి సద్గుణం నిజంగా అవసరమా?

ప్రశ్న:
నమస్కారం. నేను ఒక చిన్న తయారీ సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఏప్రిల్ 4న గానీ లారీ ఎక్కని సరుకుకు మా యజమాని మార్చి 31 తేదీతోనే ఇన్వాయిస్ కొట్టించారు. బ్యాంకుకు చూపాల్సిన టర్నోవర్ కొద్దిగా తగ్గిందట. ఆయన చెడ్డవారు కారు, సిబ్బంది పిల్లల ఫీజులు కట్టిన మనిషి. చట్టాలూ ఆడిటర్లూ ఉండగా నాయకుడి సద్గుణం గురించి విడిగా మాట్లాడుకోవాలా, లేక అది ఉపన్యాసాలకే పరిమితమా?

సమాధానం 1:
మాట్లాడుకోవాలి. హైదరాబాదులోనే జరిగిన సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఉదంతం చూడండి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేకున్నా ఉన్నట్టు చూపామని ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు కాగా అసలుది 61 కోట్లే. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి ఈ అంకెలు కావు. అసలు లాభానికీ చూపిన లాభానికీ తేడా మొదట్లో స్వల్పమేనని, ఏళ్ల తరబడి పెరిగి చివరికి దిగే దారి తెలియని పులిస్వారీ అయిందని ఆయన అందులో రాశారు. మీ ఇన్వాయిస్ తేడా కూడా ప్రస్తుతానికి స్వల్పమే. 2005లో 108 అంబులెన్సు సేవకు అంకురార్పణ చేసింది కూడా ఆయనే కనుక, దానగుణం ఉన్నంత మాత్రాన లెక్కల్లో నిజాయితీ ఉంటుందనుకోలేము. మనవాళ్లకేమో, దాతను లెక్క అడగాలంటే మహా మొహమాటం.

సమాధానం 2:
గుణాన్ని బయటివాళ్లు ఎలా కొలుస్తారండీ? 2008లో ఆ సత్యం సంస్థకు కార్పొరేట్ పాలనకే, అంటే సంస్థను సక్రమంగా నడిపే తీరుకే, పురస్కారం దక్కింది. 2013 కంపెనీల చట్టం వచ్చాక లిస్టెడ్ కంపెనీలు ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలి, ఉద్యోగులు నిర్భయంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంచాలి. నాకు వీటిపైనే నమ్మకం.

సమాధానం 1 రాసినవారు:
వాటి అవసరాన్ని కాదనను. కానీ యాజమాన్యంతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లు, పేరున్న ఆడిటర్లు సత్యంలో అప్పుడూ ఉన్నారు. 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆ బోర్డే ఆమోదించింది. మదుపరులు భగ్గుమన్నాకే అది ఆగింది. కాదనే అధికారం అక్కడ కూర్చున్న అందరికీ ఉండింది కదా.

సమాధానం 3:
ఇద్దరి మాటా సరే, ఇన్వాయిస్ సంగతి ముందు చూద్దాం. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు ఏప్రిల్ 4న తీసి ఉంటే ఆడిటర్ ఆ తేడాను ఇట్టే పట్టుకుంటారు. ఆ ఏడాది ఖాతాలు ఇంకా ముగియకపోయి ఉంటే సర్దుబాటు ఎంట్రీతో ఆ అమ్మకాన్ని ఏప్రిల్‌లోకి మార్చండి, జీఎస్టీ ఏం చేయాలో ఆడిటర్‌నే అడగండి. యజమానితో మాత్రం నలుగురిలో కాకుండా, ఆయన గదిలో ఒంటరిగా, కాగితాలు ముందుంచి మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఈ ఉదయం ఇన్వాయిస్‌నూ లారీ రసీదునూ పక్కపక్కన ఆయన బల్లపై పెట్టాను. చాలాసేపు చూసి, బ్యాంకు మేనేజర్‌తో తానే మాట్లాడతానన్నారు. సర్దుబాటు ఎంట్రీకి ఇంకా ఒప్పుకోలేదు.