ఛింగ్‌మింగ్ సమాధి పూజకు 732కు ముందు ఆధారం ఉందా?

చైనాలో ఏప్రిల్ 4–6 మధ్య వచ్చే ఛింగ్‌మింగ్ నాడు పెద్దల సమాధులు శుభ్రం చేయడాన్ని చాలామంది అడవి మంటల్లో కాలి చనిపోయాడని చెప్పే విధేయ సేవకుడు జియే జిత్వీ కథకు ముడిపెట్టేస్తారు. ఆ కథ అసలు పొయ్యి వెలిగించని హాన్‌షీ పండుగది. 2వ శతాబ్దంలో తైయువాన్ ప్రాంతంలో అది నడిచలికాలపు ఆచారం. నెలంతా చల్లటి తిండి తిని ముసలివాళ్లు, పిల్లలు చనిపోతుంటే అధికారి జౌ జూ మాన్పించబోయాడు. అందులో సమాధుల ఊసే లేదు!

732లో థాంగ్ చక్రవర్తి శ్వాన్‌జోంగ్ మాత్రం, ప్రాచీన విధి గ్రంథాల్లో లేకున్నా వాడుకైపోయిందని, హాన్‌షీ నాటి సమాధి దర్శనానికి అనుమతిచ్చాడు. ఈ రెంటి మధ్యకాలంలో హాన్‌షీని సమాధులతో కలిపే శాసనమో, కవితో, ఉత్తరమో ఎవరైనా చూశారా? కాలం, ప్రాంతం చెబితే చాలు. ఏడో నెల పౌర్ణమి ప్రేతాల పండుగ ఆధారాలు వద్దు. మౌద్గల్యాయనుడి కథతో వచ్చిన ఆ బౌద్ధ పాయ వేరు.