బాత్రూం తిరగ్గొట్టి కట్టించాలి: రోజు కూలికా, గుత్తకా?

మూడో అంతస్తు:
మాది 20 ఏళ్ళ నాటి అపార్టుమెంటు, మూడో అంతస్తు. బాత్రూం లోపలి కొలత 5×7 అడుగులు. పాత టైల్స్ తీసేసి, గోడలోని ఇనుప పైపులు మార్చి, 7 అడుగుల ఎత్తు దాకా కొత్త టైల్స్ వేయించాలి. కింది ఫ్లాటు సీలింగులో చెమ్మ కూడా ఉంది. ఒక మేస్త్రీ మొత్తం గంపగుత్తకు, అంటే పనంతటికీ ఒకే రేటుకు, అడుగుతున్నాడు. ఇంకో మేస్త్రీ రోజు కూలి అయితేనే వస్తానంటున్నాడు. ఎలాగైనా మెటీరియల్ నాదే. ఏది మేలు?

తాపీపని:
మొత్తాన్ని ఒకే పనిగా చూడకండి. పగలగొట్టేది ఒక పని, కట్టేది ఇంకో పని. పగలగొట్టాక గానీ లోపల ఏముందో మీకూ తెలీదు, మేస్త్రీకీ తెలీదు. తెలీని పనికి గుత్త చెప్పేవాడు భయపడి ఎక్కువైనా చెబుతాడు, లేకపోతే తక్కువ చెప్పి పని మధ్యలో "ఇది మన మాటల్లో లేదండీ" అంటాడు. అందుకని పగలగొట్టడం రోజు కూలికి పెట్టండి. అంతా తెరిచాక మేస్త్రీని, ప్లంబరును ఒకేసారి నిలబెట్టి చూపించి, అప్పుడు కట్టే పనికి రేటు మాట్లాడండి.

ఆ కాలం అపార్టుమెంట్లలో చాలా చోట్ల బాత్రూం కింద స్లాబు పల్లంగా ఉంటుంది, ఆ పల్లాన్ని నింపి పైన నేల వేస్తారు. మీది 9 అంగుళాల పల్లం అనుకుంటే 35 చదరపు అడుగుల నేలకు దాదాపు 26 ఘనపుటడుగుల ఫిల్లింగు (ఆ నింపిన సరుకు) ఉంటుంది. చెమ్మ సాధారణంగా ఇందులోనే నిలుస్తుంది. పైపైన టైల్స్ మార్చి వదిలేస్తే కింది ఫ్లాటు వాళ్ళ గొడవ తీరదు. ఫిల్లింగు స్లాబు దాకా తీస్తారా లేదా అన్నది ఒక్క మాటలో తేలాలి. గుత్తలో ముందుగా ఎగిరిపోయేది ఈ పనే.

సైటు లెక్కలు:
పై మాటకు కొంచెం చేరుస్తాను. తీసిన ఫిల్లింగు పొంగి 36, 37 ఘనపుటడుగులు అవుతుంది. గోడ టైల్సు, వాటి వెనక సిమెంటు మాలు, నేల మాలు కలిపితే ఖాళీ సిమెంటు సంచుల్లో 55 నుంచి 60 వస్తాయి. మూడో అంతస్తు నుంచి అవి ఎవరు దించాలి? చాలా అసోసియేషన్లు చెత్త సంచులను లిఫ్టులో ఎక్కనివ్వవు. ఆటో ట్రాలీ ఖర్చు ఎవరిది? గుత్తయినా కూలయినా ఈ రెండూ ముందే అడగండి. హైదరాబాదులో అయితే జీడిమెట్ల, ఫతుల్లగూడలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి, నాలా పక్కన పోయించకండి.

ఇక డబ్బు లెక్క. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి, నేను లెక్క కోసం మేస్త్రీకి 1,200, కూలీకి 800, అంటే జతకు రోజుకు 2,000 అనుకుంటున్నాను. గోడ చుట్టుకొలత 24 అడుగులు, ఎత్తు 7, తలుపు తీసేస్తే దాదాపు 150 చదరపు అడుగులు. నేల 35. జత రోజుకు బాత్రూం గోడ 50 అడుగులు వేస్తుంది: 3 రోజులు. నేల, వాలు, మూలలు ఇంకో రోజు. మొత్తం 8,000. అడుగుకు 45 చొప్పున గుత్త అయితే 185 అడుగులకు 8,325. అంటే పని సాఫీగా సాగితే పెద్ద తేడా రాదు. సాగకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు తేడా. టైల్స్ బండి ఒక రోజు ఆలస్యమైతే రోజు కూలిలో 2,000 మీవి పోతాయి, గుత్తలో అతనివి. కాబట్టి రోజు కూలికి పెట్టేవాళ్ళు టైల్సు, సిమెంటు, ఇసుక, పైపులు, పైపులు కలిపే ఎల్బోలు, టీలు అన్నీ ఇంట్లోకి వచ్చాకే మేస్త్రీని పిలవండి. ఒక్క 1 అంగుళం ఎల్బో లేక పూట పోవడం చాలా మామూలు.

మూడో అంతస్తు:
అయితే టైల్స్ అడుగు లెక్కకే ఇచ్చేయనా? తొందరలో చెడగొడతారేమో.

తాపీపని:
తొందర వల్ల చెడేవి ఏవో తెలిస్తే వాటిని పట్టుకోవచ్చు. టైలు వెనక నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, ఇలా ఐదు మాలు ముద్దలు పెట్టి గోడకు కొడతారు. మట్టం తొందరగా కుదురుతుంది, పని పరుగెత్తుతుంది, వెనక మాత్రం అంతా డొల్ల. మేకు కొట్టినా, గీజరు బిగించినా ఆ టైలు పగులుతుంది. విట్రిఫైడ్ టైలు అయితే ఇంకా ప్రమాదం. అది నీళ్ళు పీల్చేది అర శాతం కన్నా తక్కువ, ఉత్త సిమెంటు దానికి పట్టదు. టైల్ గమ్ము (టైల్స్ అంటించే జిగురు పొడి) వాడాలి, పళ్ళ తాపీతో గోడంతా గీతలు వచ్చేలా పరవాలి. 20 కిలోల సంచి 3 మిల్లీమీటర్ల మందానికి 50, 55 అడుగులు వస్తుంది. గోడ వంకరగా ఉంటే అంత రాదు, అందుకే గమ్ముకు ముందు గోడను రసమట్టం, తూకుగుండుతో చూసి పూత సరిచేయించాలి. ఆ పూతకు రేటు విడిగా మాట్లాడండి. మాట్లాడకపోతే వంకరను గమ్ముతోనే కప్పేస్తారు, మీకు సంచులు రెట్టింపు ఖర్చవుతాయి.

వేసిన మర్నాడు రూపాయి బిళ్ళతో ప్రతి టైలూ తట్టండి. నిండుగా ఉన్నది గట్టిగా, పొట్టిగా మోగుతుంది. డొల్లది కుండలా మోగుతుంది. డొల్లవాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, టైల్స్ సందుల్లో గ్రౌటు పెట్టకముందే తీయించండి. గ్రౌటు పడ్డాక తీయిస్తే పక్క టైల్స్ అంచులు లేస్తాయి.

ప్లంబింగు రమణీయం:
పైపుల పని గురించి. దీన్ని పాయింటు లెక్కకు, అంటే ఒక్కో కుళాయి చోటుకు ఇంత అని ఇస్తారు. పాయింటు అంటే ఏమిటో రాసుకోండి: గోడ గాడి కొట్టడం, పైపు వేయడం, గాడి మూయడం మూడూ కలిసా, పైపు ఒక్కటేనా? గాడి మూసేది తాపీ పని అని ప్లంబరు, ప్లంబరు పని అని మేస్త్రీ, ఇద్దరూ వదిలేసిన గాడులు ఎన్ని ఇళ్ళలోనో కనిపిస్తాయి.

సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులకు అతుకు వేశాక ఒక రోజు ఆగి ప్రెషర్ టెస్టు చేయించండి. చేతి పంపుతో, పైపు పనిచేసే నీటి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి వదిలితే మీటరు ముల్లు కదలకూడదు. గుత్త ప్లంబరు ట్యాంకు నీళ్ళు వదిలి "చూడండి, చుక్క కారలేదు" అంటాడు. అది టెస్టు కాదు. మూడో అంతస్తు పైన ట్యాంకు ఒత్తిడి చాలా తక్కువ, రేపు ప్రెషర్ పంపు పెడితే అప్పుడు బయటపడుతుంది. టెస్టుకు పంపు తెచ్చే బాధ్యత, ఆ రోజు కూలి, మాటల్లోనే ఉండాలి. గాడి మూయకముందు కొలత టేపు ఆనించి నాలుగు గోడలూ ఫొటోలు తీసి పెట్టుకోండి.

కరెంటు వరంగల్:
గీజరుకు లైను కొత్తగా లాగుతుంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, పచ్చ ఎర్తు వైరు కంపల్సరీ. లైట్లకు 1.5. వైరు మీరే కొనండి. గుత్తలో విత్ మెటీరియల్ ఇస్తే సన్నబడేది ఇదే, గోడలోకి పోయాక కనపడదు.

సైటు లెక్కలు:
నీళ్ళు దిగకుండా స్లాబు మీద పూసే వాటర్‌ప్రూఫింగును మాత్రం ఎంత తక్కువకు వచ్చినా ఉత్త గుత్తకు ఇవ్వొద్దని గట్టిగా చెబుతాను. అక్కడ నాణ్యత అంతా ఆగడంలో ఉంది: ఒక కోటు ఆరాక రెండో కోటు అడ్డంగా, గోడ మీదికి కనీసం 1 అడుగు, షవరు దగ్గర ఇంకా ఎత్తుగా. మూలల్లో, నహాని ట్రాపు (నేల మీది నీళ్ళు పోయే తూము) చుట్టూ మెష్ గుడ్డ. గుత్తలో ఆగినవాడికి నష్టం, కాబట్టి ఆగడు. రోజు కూలికి పెడితే మాత్రం ఆరే సమయంలో కూర్చోబెట్టి కూలి ఇవ్వకండి. కోటుకు ఒంటిపూట చొప్పున రెండు వేర్వేరు రోజులు పిలవండి.

తర్వాత ట్రాపు మూసి 2 అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలపాలి. గోడ మీద పెన్సిలుతో నీటి మట్టం గీత గీయండి. కింది ఫ్లాటు వాళ్ళను పొద్దున, సాయంత్రం సీలింగు చూడమని అడగండి. అది పాసయ్యాకే ఫిల్లింగు. పాత చెత్తనే మళ్ళీ నింపనివ్వకండి.

మూడో అంతస్తు:
అర్థమైంది. ఇక డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి? గుత్త మేస్త్రీ సగం అడ్వాన్సు అడుగుతున్నాడు.

తాపీపని:
మెటీరియల్ మీదైనప్పుడు సగం అడ్వాన్సుకు అర్థం లేదు. 10 శాతం చాలు. పైపుల టెస్టు అయ్యాక కొంత, నీళ్ళు నిలిపిన టెస్టు అయ్యాక కొంత, టైల్స్ తట్టి చూశాక కొంత. చివరి 10 శాతం వాడకం మొదలైన 15 రోజులకు. కానీ ఇచ్చే రోజున మాత్రం వాయిదా వేయకండి. అతను కూలీలకు వారం కూలి ఇవ్వాలి, మీరు ఆలస్యం చేస్తే మనుషులు ఇంకో సైటుకు పోతారు, మీ బాత్రూం అలాగే ఉంటుంది.

రోజు కూలి భాగానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, వచ్చినవాళ్ళు, పూటా రోజా, ఆ రోజు ఎంత పని అయింది, సాయంత్రం మీ సంతకం, మేస్త్రీ సంతకం. వేళలు కూడా మొదటి రోజే మాట్లాడుకోండి, 9 నుంచి 6, మధ్యాహ్నం గంట. గోడ టైల్స్ రోజుకు 50 అడుగుల నుంచి 25కు పడితే వెంటనే కారణం అడగండి. తప్పు అతనిదే కానక్కర్లేదు, గోడ వంకర కావచ్చు, మీరు తెచ్చిన టైల్స్ సైజుల్లో తేడా కావచ్చు. ఒకే షేడు, ఒకే బ్యాచి నంబరు ఉన్న పెట్టెలే తీసుకోండి, 10 శాతం ఎక్కువ తెప్పించండి. తెరవని పెట్టెలు తిరిగి తీసుకుంటారా అని షాపులో బిల్లు మీదే రాయించుకోండి.

మూడో అంతస్తు:
నేల వాలు ఎంత పెట్టమనాలి?

తాపీపని:
మీటరుకు 1 సెంటీమీటరు, ట్రాపు వైపు. గ్రౌటు పెట్టకముందు బకెట్టు నీళ్ళు తలుపు దగ్గర పోసి చూడండి. ఎక్కడైనా మడుగు కట్టిందంటే ఆ టైల్స్ ఆ రోజే లేపించండి. ఆ పని గుత్త రేటులోనే ఉండేలా ముందే కాగితం మీద పెట్టుకోండి.