అప్‌డేట్: వన్యప్రాణి అభయారణ్యాల రవాణా ఫెలోషిప్‌కు ఎంపికయ్యాను

సివిల్ ఇంజినీరింగ్‌లో ఎం.ఎస్. చేసి, నగర ట్రాఫిక్ సిగ్నళ్ల పని తప్ప మరో అనుభవం లేని నేను, అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వెస్టర్న్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ నడిపే పబ్లిక్ ల్యాండ్స్ ట్రాన్స్‌పోర్టేషన్ ఫెలోషిప్‌కు (ప్రభుత్వ సంరక్షిత భూముల్లో రవాణాపై పనిచేసే అవకాశం) దరఖాస్తు చేయవచ్చా అని లోగడ అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. ఎంపికయ్యాను, అక్కడి వన్యప్రాణుల సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ నడిపే అభయారణ్యం ఒకదానిలో పని మొదలైంది.

ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ గురించి తక్కువే అడిగారు. సందర్శకులూ ప్రాణులూ ఒకే రోడ్డును ఎలా పంచుకోవాలన్నదే ప్రధాన చర్చ. అమెరికా జాతీయ వన్యప్రాణి అభయారణ్యాలపై 1997లో వచ్చిన చట్టం ప్రకారం ఈ భూముల్లో సంరక్షణదే మొదటి స్థానం. వేట, చేపలు పట్టడం, పక్షుల పరిశీలన, ఫోటోగ్రఫీ వంటివన్నీ దానికి భంగం కలగనంత వరకే. ఫ్లోరిడాలోని సానిబెల్ దీవిలో ఉన్న డింగ్ డార్లింగ్ అభయారణ్యం, ప్రాణులకు విశ్రాంతినివ్వడానికి తన వైల్డ్‌లైఫ్ డ్రైవ్‌ను (సందర్శకులు ప్రాణులను చూస్తూ సాగే రోడ్డును) శుక్రవారాలు మూసివేస్తుందని ఉదాహరణగా చెప్పాను. అది వారికి నచ్చినట్లుంది.

నగరంలో ఆలస్యాన్ని తగ్గించడమే లక్ష్యం, ఇక్కడ నెమ్మదిగా సాగడమే ప్రయాణపు ప్రయోజనం. రోడ్డుకు అడ్డంగా పరిచిన రబ్బరు గొట్టం ఎన్ని వాహనాలు దాటాయో చెబుతుంది గానీ, కొంగ కనబడగానే కారు నడిరోడ్డుపై ఆగి, రెండు వైపులా తలుపులు తెరుచుకుని, వెనుక బండ్లు నిలిచిపోవడాన్ని చెప్పదు. అందుకే పక్కన నిలబడి, ఎక్కడెక్కడ ఆగుతున్నారో చేత్తో రాసుకుంటున్నాను. బండ్లు ఆపుకునే చోట్లను ఎక్కడ వెడల్పు చేయాలో ఆ కాగితాల ఆధారంగానే ప్రతిపాదిస్తాం.