పాముపొడ తెగులుకు వాలిడామైసిన్, సూడోమోనాస్ కలిపి కొట్టవచ్చునా?

ప్రశ్న (వరి రైతు, రాజోలు ప్రాంతం)

అందరికీ నమస్కారం. సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ రకం వరి ఊడ్చాము. ఇప్పుడు నీటిమట్టానికి కాస్త పైన, ఆకు తొడుగుల మీద, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు గల మచ్చలు వచ్చి పైకి పాకుతున్నాయి. దుకాణంలో వాలిడామైసిన్ ఇచ్చారు. విత్తనశుద్ధికి కొనగా మిగిలిన సూడోమోనాస్ పొడి కూడా ఇంట్లో ఉన్నది. రెండూ మట్టి బాక్టీరియా నుండి వచ్చినవే అంటున్నారు కనుక, ఒకే ట్యాంకులో కలిపి కొట్టవచ్చునా?

సమాధానం (వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్రం చదివిన సభ్యురాలు)

మీరు చెప్పిన లక్షణాలు పాముపొడవేనండి. కలపవద్దు. వాలిడామైసిన్ సీసాలో ఉన్నది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా తయారుచేసిన పదార్థం మాత్రమే. సూడోమోనాస్ పొట్లంలో ఉన్నది ప్రాణంతో ఉన్న బాక్టీరియా.

పాముపొడ శిలీంధ్రం ట్రెహలోజ్ అనే చక్కెరను దాచుకొని, దానిని విరగగొట్టుకుంటూ పెరుగుతుంది. ఆ విరగగొట్టే ఎంజైమును వాలిడామైసిన్ అడ్డుకుంటుంది కాబట్టి, శిలీంధ్రం చావకపోయినా దాని పోగులు వంకరలు తిరిగి ముందుకు పాకలేవు. అందుచేత పాత మచ్చలు మాయం కాలేదని వారం తిరగకుండా మళ్ళీ కొట్టవద్దు. కొత్త మచ్చలు పైకి పాకుతున్నాయా అన్నదే చూడండి. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి, దుబ్బుల మొదళ్ళు తడిసేటట్లు పిచికారీ చేయండి. పై ఆకులు మాత్రమే తడిపితే ఖర్చు దండుగ. యూరియా ఎక్కువైన మడిలో ఈ తెగులు మరింత రేగుతుంది కనుక తరువాతి దఫాను ఆపి ఉంచడం మంచిది.

సూడోమోనాస్ వేర్ల దగ్గర బ్రతికి ఉండి, ఫెనజీన్‌ల వంటి శిలీంధ్ర నిరోధకాలను అక్కడే తయారుచేస్తుంది. ఇనుమును పట్టుకొనే పదార్థాలను వదిలి, రోగకారకాలకు ఆ ఇనుము దక్కనివ్వదు. ఇది తెగులు రాకముందు పనికొచ్చే కాపలా; అందుకే మచ్చలు పాకుతున్న ఇప్పుడు మందులో కలపవద్దన్నాను. కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టించడమే దాని అసలు చోటు. గడువు దాటినా, రేకుల కప్పు కింద వేడికి ఉడికినా, ఆ పొట్లంలో మిగిలేది టాల్కు పొడి మాత్రమే.

ప్రశ్న (అదే రైతు)

ధన్యవాదాలండి. దాళ్వాలో (రబీలో) అగ్గితెగులుకు కాసుగామైసిన్ వాడాము. దానితో సూడోమోనాస్ కలిపితే పరవాలేదా?

సమాధానం

దానితో అసలే వద్దు. జపానులోని నారా నగరంలో కాసుగా ఆలయం దగ్గరి మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నుండి వచ్చిన మందు అది. ఉమెజావా బృందం 1965లో వెల్లడించింది. అగ్గితెగులు శిలీంధ్రంలోనే కాదు, బాక్టీరియాలో కూడా ప్రోటీను తయారీని ఆపుతుంది. సూడోమోనాస్ కూడా బాక్టీరియాయే కదా! మీ డబ్బుతో కొన్న పొడిని మీ మందే చంపుతుంది.

ప్రశ్న (రొయ్యల రైతు, భీమవరం)

మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనను నడిపిన లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థ నుండి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా మట్టిలోనిదే. మట్టిలో సహజంగా ఉండేవే అయినప్పుడు, క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయోటిక్‌లు చెరువులో వేస్తే తప్పేమిటి?

సమాధానం

సహజమైనదంతా నిరపాయం కాదండి. మట్టిలో ఈ పదార్థాలు వేరు చుట్టూ అతి స్వల్ప మోతాదులో ఉంటాయి. చెరువులో మనం పోసేది అంతకు ఎన్నో రెట్లు. క్లోరాంఫెనికాల్ కూడా వెనిజులా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుండి 1947లో వచ్చినదే, టైఫాయిడ్‌కు వాడినదే. అయినా మనుషుల ఎముకల మజ్జను దెబ్బతీయగలదు గనుక రొయ్యల సాగులో నిషేధించారు. అవశేషం రవ్వంత కనబడినా ఎగుమతి సరుకు తిరిగి వస్తుంది. మందును తట్టుకొని మిగిలిన బాక్టీరియా చెరువు నీటితో బోదెల్లోకి, కాలువల్లోకి పోతుంది; ఊళ్ళు ఆ కాలువల వెంటే ఉన్నాయి.

మీరు చెరువులో వేసే ప్రోబయోటిక్‌లో (మేలుచేసే సూక్ష్మజీవుల మందులో) సాధారణంగా బాసిల్లస్ అనే బాక్టీరియా ఉంటుంది. అదీ ప్రాణమున్నదే కనుక, బ్లీచింగ్ చల్లిన రోజున వేయవద్దు. నీటిలో క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించుకున్న తరువాతే వేయండి.