ఎంజైములను ‘స్థిరీకరించడమా’, ‘పొదగడమా’?

పర్లాకిమిడి నుంచి: మా మేనకోడలు బయోటెక్నాలజీ చదువుతోంది. కాలేజీలో ఇంగ్లీషు, బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు. సిలికా సన్నరంధ్రాల్లో ఎంజైములను ఉంచి ఫ్యాక్టరీల్లో వాడడం గురించి తెలుగులో వ్యాసం రాస్తూ, ఇమ్మొబిలైజేషన్‌కు (ఎంజైమును ఒకచోట కదలకుండా ఉంచడం) ‘స్థిరీకరణ’ అని పెట్టింది. నాకెందుకో నప్పలేదు.

గుణుపురం నుంచి: మీ అనుమానం సరైనదే మాస్టారూ. వేడికి పాడవకపోవడం వేరు, కదలకుండా ఒకచోట ఉండడం వేరు. చాలాసార్లు రెండూ కలిసొస్తాయి, ప్రతిసారీ కాదు. అప్పుడు ‘స్థిరీకరణ వల్ల స్థిరత్వం తగ్గింది’ అని రాయాలి! ‘పొదగడం’ అంటే పోదా?

రాయగడ నుంచి: కోడిగుడ్లు గుర్తొస్తాయేమో. పోనీ, నగలో రాయి అనే అనుకుందాం. అయినా అన్నిటికీ సరిపోదండీ. 1916లో నెల్సన్, గ్రిఫిన్ అనే శాస్త్రవేత్తలు ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌ను బొగ్గుకు పట్టిస్తే, అది అక్కడే ఉండి చక్కెరను విడగొట్టింది. అది అంటుకోవడం. గ్లూటరాల్డిహైడ్‌తో రసాయన బంధం వేస్తే కట్టడం. ఆల్జినేట్ జెల్ పూసల్లో పెడితే ఇమడ్చడం.

గుణుపురం నుంచి: ఆ అమ్మాయి రాసేది రంధ్రాల గురించే కదా! 1998లో వచ్చిన ఎస్‌బీఏ-15 సిలికాలో రంధ్రాలు 5 నుంచి 30 నానోమీటర్ల దాకా చేసుకోవచ్చు. ఇరుకైతే ఎంజైమ్ లోపలికి వెళ్లదు, మరీ వెడల్పైతే జారిపోతుంది. రాయికి తగ్గ గూడు కావాలి. ‘పొదగడం’లో ఆ లెక్క ఉంది.

రాయగడ నుంచి: నగలో రాయి ఊరికే కూర్చుంటుంది. ఇక్కడ ముడిపదార్థం లోపలికి రావాలి, తయారైంది బయటికి పోవాలి. ఆ రాకపోకలు నెమ్మదైతే ఎంత మంచి ఎంజైమైనా పని మందగిస్తుంది. అసలు ఇదంతా ఎంజైమును వడకట్టి మళ్లీ వాడుకోవడానికే. లేకపోతే ప్రతి విడతకీ కొత్తది కొనాలి. పెన్సిలిన్ నుంచి 6-ఏపీఏ అనే మందుల ముడిసరుకు తీసేవాళ్లు, గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చేవాళ్లు అందుకే దీన్ని పట్టుకున్నారు.

పర్లాకిమిడి నుంచి: అయితే ‘నిశ్చలీకరణ’ అననా?

గుణుపురం నుంచి: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ మాటా! ఎంజైమ్ చచ్చిపోయిందనుకుంటారు. శీర్షికలో ‘ఆధారానికి పట్టించిన ఎంజైములు’ అనమనండి. సిలికా భాగంలో మాత్రం ‘రంధ్రాల్లో పొదిగిన’.

రాయగడ నుంచి: దీనికి ఒప్పుకుంటాను.

పర్లాకిమిడి నుంచి: మరి ‘లీచింగ్’కో? ఉప్పు ఎక్కువైనా, పీహెచ్ మారినా అంటుకున్న ఎంజైమ్ ద్రావణంలోకి వచ్చేస్తుందట.

రాయగడ నుంచి: ‘ఊడిపోవడం’ అని రాయమనండి. అంతకంటే ఏం కావాలి?