బయటి దేశంలో విపత్తు వస్తే కంపెనీలు సాయం సంస్థలతో కలిసి దిగాలా? డబ్బిచ్చి ఊరుకోవాలా?

గోదారిగట్టు:
మా ఆఫీసులో దీని మీద పెద్ద వాదనే అయింది. నా మాట ఒకటే, ఎక్కడో భూకంపం వస్తే కంపెనీలు చెక్కు రాసిచ్చి పక్కకి జరగాలి. లోగో టీషర్టులేసుకుని అక్కడికి దిగడం దేనికి, అది సాయం కాదు ప్రచారం. మీరేమంటారు?

కార్గోవాసు:
అన్నా నేను పదకొండేళ్ళుగా ఎయిర్ కార్గోలో చేస్తున్నా, ఈ మాట ఒప్పుకోలేను. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం గుర్తుంది కదా, 7.8 తీవ్రత, దాదాపు 9 వేల మంది పోయారు. కాఠ్మాండూ ఎయిర్‌పోర్టుకి ఉన్నది ఒక్కటే రన్‌వే. ప్రపంచం నలుమూలల నుంచి విమానాలు వచ్చి పడుతుంటే రన్‌వే దెబ్బతిని పెద్ద విమానాల్ని కొన్నాళ్ళు ఆపేయాల్సొచ్చింది. అప్పుడు కావాల్సింది చెక్కు కాదన్నా, దిగిన సరుకుని పాలెట్ల (సరుకు పేర్చి కట్టే పలకల) మీద నుంచి విప్పి, ఏది ఎవరిదో రాసుకుని, లారీ ఎక్కించే మనుషులు. ఐక్యరాజ్యసమితితో కొరియర్ కంపెనీ డీహెచ్‌ఎల్‌కి 2005 నుంచి ఒప్పందం ఉంది, వాళ్ళ టీమ్ వచ్చి ఆ పని చేసింది. మర్స్క్, యూపీఎస్, అజిలిటీ లాంటి రవాణా కంపెనీలు కూడా ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ ఆహార కార్యక్రమంతో ఇలాగే పనిచేస్తాయి. ఎయిర్‌పోర్టులో సరుకు ఇరుక్కుపోతే ఊళ్ళో టార్పాలిన్ కోసం చూసేవాడికి ఏం లాభం?

డిస్పాచ్‌శిరీష:
వాసు గారూ లాజిస్టిక్స్ అంటే సరుకు రవాణా వరకు మీతో ఏకీభవిస్తా, కానీ సరుకు ఇచ్చే కంపెనీల కథ వేరండీ. నేను హైదరాబాద్‌లో మందుల కంపెనీ డిస్పాచ్‌లో చేశా, పేరు చెప్పను. ఒక విపత్తు టైమ్‌లో పైనుంచి ఆర్డరొచ్చింది, షార్ట్ ఎక్స్‌పైరీ స్టాక్ అంతా రిలీఫ్‌కి తీయమని. రాక్‌లోంచి దించి చూస్తే దగ్గు సిరప్పులు, షుగర్ మాత్రలు, ఎక్స్‌పైరీ ఇంకో నాలుగు నెలలే. విదేశానికి చేరేసరికే రెండు నెలలు పోతాయి. డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్స్ ప్రకారం సరుకు చేరాక కనీసం ఏడాది గడువుండాలి. నేను అడిగితే "తీసుకునేవాళ్ళకి అభ్యంతరం లేకపోతే నీకేంటమ్మా" అన్నారు. ఆకలితో ఉన్నోడికి అన్నం పెట్టడం వేరు, ఇంట్లో పాచిపోయేది తెచ్చి పెట్టడం వేరు కదండీ. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలో ఆచేకి ఇలాగే దాదాపు 4 వేల టన్నుల మందులు వచ్చి పడ్డాయి, చాలావాటి లేబుళ్ళు అక్కడి డాక్టర్లకి రాని భాషలో ఉన్నాయి, చివరికి పనికిరానివాటిని నాశనం చేయడం మళ్ళీ ఆ ఊరి నెత్తినే పడింది.

గోదారిగట్టు:
అక్కా నేను చెప్పేదీ అదే కదా! డబ్బిస్తే ఈ గొడవే ఉండదు.

బెజవాడరవి:
డబ్బులోనూ గొడవే బ్రో. 2023లో టర్కీ భూకంపమప్పుడు అక్కడి రెడ్ క్రెసెంట్‌కి (మన రెడ్ క్రాస్ లాంటి సంస్థ) చెందిన టెంట్ల కంపెనీ, అహ్‌బాప్ అనే ఛారిటీకి టెంట్లు 4.6 కోట్ల లీరాలకి అమ్మింది, జనం చలిలో ఉన్నప్పుడు. దేశమంతా గగ్గోలెత్తింది, తర్వాత రెడ్ క్రెసెంట్ అధ్యక్షుడు తప్పుకున్నాడు. కాబట్టి చెడ్డది కంపెనీ, మంచిది సంస్థ అని గీత గీయలేం. ఇంకోటి, మన దేశంలో సీఎస్ఆర్ (పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న రూల్) లెక్కలోకి బయటి దేశంలో చేసిన పని రాదు, కాబట్టి ఇక్కడి కంపెనీ నేపాల్‌కి పంపితే ఆ 2 శాతంలో చూపించుకోలేదు.

కార్గోవాసు:
శిరీష గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. మా పనిలో లిస్టు అవతల సాయం సంస్థ నుంచే వస్తుంది, ఏ టన్ను ఎక్కడికో వాళ్ళే చెప్తారు, మేం మోస్తాం అంతే. సరుకు దానం విషయంలో మాత్రం లిస్టు, ఇచ్చే కంపెనీ గోడౌన్ నుంచి మొదలవుతోంది, అక్కడే తేడా కొడుతోంది. తీసుకునే సంస్థ వద్దు అని ధైర్యంగా చెప్పగలిగితేనే ఆ పొత్తుకి నేను ఓటేస్తా. తర్వాత ఏమైందండీ ఆ స్టాక్?

డిస్పాచ్‌శిరీష:
బ్యాచ్ లిస్టు పంపితే ఆ సంస్థలో ఫార్మసిస్ట్ ఒకావిడ ఎక్స్‌పైరీ చూసి ఒక్కటీ వద్దన్నారు, మాకు ఓఆర్ఎస్, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కావాలి, ఇన్ని పెట్టెలు, ఇంత గడువుతో అని తిరిగి రాశారు. మా సార్లు మూడు రోజులు కోపంగా ఉన్నారు. నాలుగో రోజు ఓఆర్ఎస్ తాజా బ్యాచ్‌కి గేట్ పాస్ రాసింది నేనే.